మీ కాలనీ వాన నీరు ఎక్కడికి పోతోంది? హైదరాబాద్ నివాస సంఘాలకు ఒక సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో వాన నీటిని చాలామంది కాలువ సమస్యగానే చూస్తారు. నాలా వెడల్పు చేసి పూడిక తీస్తే నీరు వెళ్లిపోతుందనుకుంటారు. ఆ నీరు ఎక్కడికి వెళ్తుందన్న ప్రశ్న మాత్రం కాలనీ సమావేశాల్లో అరుదుగా వినిపిస్తుంది. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు హుస్సేన్‌సాగర్‌లో కలుస్తాయి. సాగర్ నిండితే మిగులు నీరు అశోక్‌నగర్, నల్లకుంట, గోల్నాక మీదుగా మూసీకి చేరుతుంది. మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేలోపు ఎన్నో ఊళ్ల వరి మళ్లను, పశువుల గడ్డి మళ్లను తడుపుతుంది. మీ వీధి జాలీలోంచి జారిపోయే ప్రతి చుక్కకూ ఇలాంటి గమ్యం ఒకటి ఉంటుంది.

1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచెత్తిన తరువాత, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నది ఒడ్డున గోడలు కట్టి ఊరుకోవడం ఆయన పరిష్కారం కాదు. ఎగువనే నీటిని ఆపి నెమ్మదిగా వదలాలని ఆయన సూచించారు. ఆ ఆలోచన ఫలితంగానే మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఎగువన నిలపగలిగినంత నిలిపి, మిగిలినదాన్ని శుభ్రంగా, నిదానంగా కిందికి పంపాలన్న ఆ సూత్రం రెండు వందల గజాల ఇంటికీ, ఐదెకరాల కాలనీకీ వర్తిస్తుంది. కింద చెప్పిన పనులు ఆ వరుసలోనే ఉన్నాయి. కాలనీ సంక్షేమ సంఘాలను, అపార్ట్‌మెంటు కమిటీలను దృష్టిలో పెట్టుకుని రాసినా, ఒంటరి ఇంటి యజమాని కూడా మూడు, ఐదు అంచెలను స్వయంగా చేసుకోవచ్చు.

మొదటి అంచె: నీటి దారిని కాగితం మీద పెట్టండి

గుంత తవ్వడానికి ముందు, వినతిపత్రం రాయడానికి ముందు చేయవలసిన పని ఇది. మీ లేఅవుట్ నకలు ఒకటి పెద్ద సైజులో ప్రింటు తీయించండి. ఓ మోస్తరు వాన మొదలై అరగంట గడిచిన తరువాత ఇద్దరు ముగ్గురు కలిసి వీధి వీధీ నడిచి, ప్రతి మూలమలుపు దగ్గర నీరు ఎటు పారుతోందో బాణం గుర్తుతో నమోదు చేయండి. నీరు నిలిచే చోట్లను, రోడ్డు పక్క జాలీలను, అవి పనిచేస్తున్నాయో లేదో కూడా గుర్తించండి. వాన కోసం ఆగలేకపోతే, గోడలు కట్టే మేస్త్రీ దగ్గర ఉండే పారదర్శకమైన లెవెల్ పైపుతో వీధి ఈ చివరకూ ఆ చివరకూ ఉన్న ఎత్తు తేడా కొలవవచ్చు. కంటికి చదునుగా కనిపించే రోడ్డులో జానెడు వాలు బయటపడటం మామూలే.

పటం మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. పై కాలనీల నుంచి మీ హద్దులోకి వచ్చే నీరు ఎక్కడ ప్రవేశిస్తోంది? మీ కప్పులు, రోడ్ల మీద పడినది ఎక్కడ పోగవుతోంది? చివరికి ఏ నాలాలోకి, ఏ చెరువులోకి దిగుతోంది? మూడో ప్రశ్నకు జవాబు దొరకాలంటే హద్దు దాటి నడవక తప్పదు. ఈ ప్రాంతపు చెరువులు గొలుసుకట్టుగా కట్టినవి. పై చెరువు నిండి మత్తడి (మిగులు నీరు పొర్లిపోయే కట్టడం) దుంకితే ఆ నీరు కింది చెరువుకు చేరాలి. మధ్యలో ఉండాల్సిన కాలువ ఇప్పుడు ఒకరి ప్రహరీ గోడ కిందో, ఒక ఫంక్షన్ హాలు పార్కింగు కిందో ఉండవచ్చు. ఉపగ్రహ చిత్రాల్లో పాత సంవత్సరాలవి తీసి ఇప్పటివాటితో పోల్చితే ఇది చాలావరకు తెలుస్తుంది. రెవెన్యూ కార్యాలయంలో ఉండే గ్రామ నక్షాలో వాగులు, కుంటలు, శిఖం భూములు (చెరువు గర్భంలోని భూములు) సర్వే నంబర్లతో సహా ఉంటాయి కాబట్టి దాని నకలు తప్పక తీసుకోండి. చెరువుల పూర్తి నీటిమట్టం హద్దుల పటాలను హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) తన చెరువుల వెబ్‌సైటులో ఉంచింది.

పై కాలనీ నీరు మీ మీదకు వస్తుంటే దానికి గోడ అడ్డం కట్టాలన్న సూచన సమావేశంలో ఎవరో ఒకరు చేస్తారు. దాన్ని మొదట్లోనే తోసిపుచ్చడం మంచిది. గోడ పక్కవారిని ముంచుతుంది, లేదంటే ఒత్తిడికి ఒకేసారి కూలి మిమ్మల్నే ముంచుతుంది. ఆ నీటికి మీ కాలనీ గుండా ఒక నిర్ణీత దారి చూపించి, దాన్ని ఎప్పటికీ ఖాళీగా ఉంచడమే క్షేమం.

రెండో అంచె: ఎండాకాలంలో కాలువ చూడండి

ఏప్రిల్‌లోనో మేలోనో, వారం రోజులుగా వాన లేని సమయంలో, వాన నీటి కాలువ చివరకు వెళ్లి చూడండి. అందులో నీరు పారుతోందంటే అది వాన నీరు కాదు. ఉదయం ఆరు నుంచి తొమ్మిది గంటల మధ్య ప్రవాహం పెరిగి, మధ్యాహ్నానికి సన్నబడితే స్నానాల గదులూ వంటిళ్లూ ఆ కాలువకు కలిశాయని అర్థం. రాత్రివేళ మాత్రమే పెరిగితే ఏదైనా ట్యాంకరో, వ్యాపార సంస్థో, పరిశ్రమో దొంగచాటుగా వదులుతోందేమో ఆరా తీయాలి.

రంగూ వాసనా చాలా చెబుతాయి. బూడిద రంగు నీటి మీద తెల్లని నురగ తేలితే బట్టలుతికిన నీరు కలుస్తోందని, నల్లగా మారి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే మురుగు చాలాసేపు నిలిచి కుళ్లిందని గుర్తించవచ్చు. పాలలా తెల్లగా ఉంటే పైన ఎక్కడో టైల్స్ కోస్తున్నారు, లేదా సిమెంటు కలిపిన పనిముట్లు కడుగుతున్నారు. నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల పొర కదులుతుంటే మెకానిక్ షెడ్డునో జనరేటరు గదినో వెతకాలి. ఇవేవీ ప్రయోగశాల పరీక్షలకు ప్రత్యామ్నాయం కావు. అయితే ఎక్కడ వెతకాలో చెప్పడానికి, అధికారికి ఫిర్యాదు రాయడానికి ఇవి సరిపోతాయి.

ఏ ఇంటి గొట్టం తప్పుగా కలిసిందో తేల్చుకోవడానికి సులువైన మార్గముంది. వంటలో వాడే ఆహార రంగును బకెట్ నీటిలో కలిపి, ఆ ఇంటివారి అనుమతితో బాత్‌రూమ్‌లో పోయించి, మరొకరిని వీధి కాలువ దగ్గర నిలబెట్టాలి. రంగు వాన కాలువలో కనిపిస్తే తప్పు కలయిక ఖాయం. ఈ పరీక్షను పగ తీర్చుకునే పనిగా మారనివ్వకండి. ఇల్లు కట్టించిన యజమానికి కూడా తన గొట్టం ఎక్కడ కలిసిందో తెలియకపోవడం సర్వసాధారణం. మేస్త్రీకి ఏ కాలువ దగ్గరగా ఉంటే అందులోకి వదిలేసి ఉంటాడు.

మూడో అంచె: రెండు నీళ్లను విడదీయండి

ఈ మార్గదర్శిలో ఒక్క పనే చేయగలిగే స్థితిలో ఉంటే, ఈ పనే చేయమని నా సలహా. నగరంలో మురుగు లైన్ల బాధ్యత జలమండలిది (నీటి సరఫరా, మురుగు నీటి బోర్డు), వాన నీటి కాలువల బాధ్యత నగర పాలక సంస్థది. కాగితం మీద ఇవి రెండు వేర్వేరు వ్యవస్థలు. నేల కింద మాత్రం రెండూ చాలా చోట్ల కలిసిపోయాయి, అదీ రెండు వైపులా. మురుగు వాన కాలువలో కలిస్తే చెరువు పాడవుతుంది. వాన నీరు మురుగు లైనులో కలిస్తే మ్యాన్‌హోళ్లు పొంగి ఆ మురుగు మీ వాకిట్లోకి వస్తుంది.

రెండోదాని తీవ్రతను అంకెల్లో చూద్దాం. 120 చదరపు మీటర్ల కప్పు మీద గంటలో 3 సెంటీమీటర్ల వాన కురిస్తే 3,600 లీటర్ల నీరు పడుతుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురున్న కుటుంబం వాడే నీరు 540 లీటర్లు. అంటే కప్పు గొట్టాన్ని మురుగు లైనుకు కలిపిన ఇల్లు, ఆరు రోజులకు పైగా వదలాల్సిన నీటిని ఒక్క గంటలో ఆ లైనులోకి తోస్తోందన్న మాట. వీధిలో సగం ఇళ్లు ఇలా చేస్తే ఆ లైనును ఎంత పెద్దది వేసినా తట్టుకోలేదు. ఆ తరువాత జలమండలి సిబ్బంది వచ్చి ఎన్నిసార్లు శుభ్రం చేసినా మళ్లీ పొంగుతుంది.

సరిచేసే పద్ధతి ఇలా ఉంటుంది. కప్పు నుంచి దిగే ప్రతి గొట్టం చివర ఎక్కడ కలుస్తోందో చూసి, మురుగు ఛాంబరులోకి పోతున్నదాన్ని అక్కడే కోసి, ఇంకుడు గుంతకో, తోటకో, వీధి వాన కాలువకో మళ్లించాలి. ప్లంబరుకు అది ఒక పూట పని. బాల్కనీల్లో వాషింగ్ మెషీన్ పెట్టుకున్న అపార్ట్‌మెంట్లలో దీనికి విలోమంగా జరుగుతుంది. బాల్కనీ గొట్టం వాన నీటి కోసం వేసినది కాగా, సబ్బు నీరంతా అందులోంచి నేరుగా కాలువకు, అక్కడి నుంచి చెరువుకు పోతుంది. మెషీన్ గొట్టాన్ని బాత్‌రూమ్ లైనుకు మార్పించండి. ఇంటి లోపలి పని వరకు మీదే. వీధిలోని మురుగు లైనుకు, వాన కాలువకు మధ్య ఉన్న కలయికను మాత్రం మీరు ముట్టుకోకూడదు. పటం మీద గుర్తు పెట్టి, ఫోటోతో సహా జలమండలికీ నగర పాలక సంస్థకూ ఒకే రోజు రాతపూర్వకంగా తెలియజేయండి. ఒకరికి మాత్రమే రాస్తే అది రెండోవారి పని అన్న జవాబు వస్తుంది.

నాలుగో అంచె: లెక్క వేసుకోండి

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఈ ఒక్క సూత్రం చాలు. ఐదెకరాల కాలనీ అంటే సుమారు 20,000 చదరపు మీటర్లు. దాని మీద 5 సెంటీమీటర్ల వాన కురిస్తే 10 లక్షల లీటర్లు. కప్పులు, సీసీ రోడ్లు, గచ్చులు నిండిన చోట అందులో 70 శాతం పారుతుందనుకుంటే 7 లక్షల లీటర్లు బయటికి వెళ్లాలి.

ఇక ఇంకుడు గుంత సంగతి చూద్దాం. రెండు మీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో తవ్విన గుంత పరిమాణం 8 ఘనపు మీటర్లు. రాళ్లు నింపాక మిగిలే ఖాళీ 40 శాతం అనుకుంటే అందులో పట్టేది 3,200 లీటర్లు. కాలనీలో డెబ్బై ఇళ్లుండి, ప్రతి ఇంట్లో ఇలాంటి గుంత ఒకటి ఉన్నా మొత్తం 2.24 లక్షల లీటర్లు, అంటే దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల వాన. ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్లు కురిసే ఈ నగరంలో చిన్న వానలు చాలానే ఉంటాయి కాబట్టి, భూగర్భ జలాలకూ చెరువు శుభ్రతకూ ఆ గుంతలు ఎంతో మేలు చేస్తాయి. తొలి వానల్లో రోడ్ల మీది మురికిని మోసుకుపోయే నీరు కూడా వాటితో తగ్గుతుంది. అయితే 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్క రోజులో కురిసిన 24 సెంటీమీటర్ల వానకో, 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ ప్రాంతంలో నమోదైన 32 సెంటీమీటర్లకో ఇంకుడు గుంతలు జవాబు కావు. ఇంటింటా ఇంకుడు గుంత ఉంటే ముంపు ఉండదని చెప్పే ప్రచారం అందుకే నాకు ఇబ్బందిగా తోస్తుంది. అంతటి వాన వచ్చిన రోజు కాపాడేది ఖాళీగా ఉంచిన దారి, పార్కులో పల్లపు స్థలం, పని చేసే నాలా, కింద చెరువులో మిగిలి ఉన్న చోటు మాత్రమే. కాబట్టి గుంతకు కేటాయించిన శ్రద్ధలో సగమైనా, గుంత నిండిన తరువాత పొర్లే నీరు ఎటు పోవాలన్న దాని మీద పెట్టండి.

ఐదో అంచె: ఇంటి దగ్గర నిలపడం

ముందు నేల తాగుతుందో లేదో చూడాలి. గుంత తవ్వదలచిన చోట మూరెడు లోతున, జానెడు వెడల్పున ఒక చిన్న గుంట తీసి, నీటితో నింపి పూర్తిగా ఇంకనివ్వండి. మళ్లీ నింపి, ఒక పుల్లకు గీతలు పెట్టి నిలబెట్టి, గంటలో ఎంత దిగిందో చూడండి. గంటకు రెండు మూడు సెంటీమీటర్లు దిగితే మంచిది. ఒక సెంటీమీటరు కూడా దిగకపోతే ఆ చోట గుంత వృథా. హైదరాబాద్‌లో పైన కొంత మట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్లున్న నల్లరాయి, చివరికి గట్టి రాయి ఉంటాయి. మొరం తగిలే వరకు వెళ్తే ఇంకడం బాగుంటుంది. గట్టి రాయి రెండడుగులకే తగిలే జూబ్లీహిల్స్ లాంటి చోట్ల గుంత కంటే సంపులో పట్టుకుని వాడుకోవడం మేలు. విజయవాడ లాంటి చోట నల్లరేగడి నేలలు, పైకే ఉండే భూగర్భ జలం వల్ల ఈ పద్ధతిని యథాతథంగా తీసుకెళ్లకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తిన కాలనీల వంటి చోట్ల ఇంకించడం కంటే దారి ఇవ్వడమే ప్రధానమవుతుంది.

గుంతను పునాదికి కనీసం మూడు మీటర్ల దూరంలో, సెప్టిక్ ట్యాంకుకూ తాగునీటి సంపుకూ అంతకంటే ఎడంగా తవ్వించండి. అడుగున సగం లోతు వరకు 40 మిల్లీమీటర్ల కంకర, ఆ పైన పావు వంతు 20 మిల్లీమీటర్ల కంకర, దాని పైన పలచగా దొడ్డు ఇసుక వేసి, పైన జానెడు ఖాళీ వదలాలి. కంకరకూ ఇసుకకూ నడుమ నైలాన్ జాలీ పరిస్తే ఇసుక కిందికి దిగదు. గుంతలోకి నీరు చేరే ముందు చిన్న తొట్టి ఒకటి కట్టించండి. మట్టీ ఆకులూ అందులో పేరుకుని, తేరిన నీరు మాత్రమే గుంతలోకి పోతుంది. ఈ తొట్టి లేని గుంత రెండు మూడు వానాకాలాల్లో బురదతో మూసుకుపోతుంది. నగరంలో పనిచేయని గుంతల్లో ఎక్కువ భాగం కథ ఇదే. పొర్లు గొట్టం పై అంచుకు కాస్త కింద ఉండి, వీధి వాన కాలువ వైపు వాలాలి. నింపిన నీరు రెండు మూడు రోజుల్లో పూర్తిగా ఇంకిపోవాలి. లేకుంటే దోమల పిల్లలు పెరుగుతాయి.

కప్పు మీద తొలి నీటిని వేరు చేయడం గురించి కూడా ఒక మాట. దుమ్ము, పావురాల రెట్టలు కడుక్కుపోవడానికి కనీసం మొదటి మిల్లీమీటరు వాన వదిలేయాలి. 120 చదరపు మీటర్ల కప్పుకు అది 120 లీటర్లు. గొట్టానికి మీటరు పొడవున నాలుగంగుళాల ముక్క తగిలించి తొలి నీటిని వేరు చేశామనుకునేవారున్నారు. ఆ ముక్కలో పట్టేది సుమారు 8 లీటర్లే. దానికి బదులు 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, అడుగున చిన్న కుళాయి బిగించి, వాన వెలిశాక ఖాళీ చేయడం తేలిక. సంపులోకి పట్టుకునేవారికి ఇది తప్పనిసరి.

ఎండిపోయిన బోరులోకి వాన నీరు పంపాలనుకుంటే చాలా జాగ్రత్త అవసరం. వడపోత తొట్టి దాటిన కప్పు నీటిని తప్ప మరే నీటినీ బోరులోకి వదలకూడదు. పార్కింగు, రోడ్డు నీటిలో ఇంజన్ ఆయిల్, మురుగు కలిసి ఉంటాయి. గుంతలో మట్టి పొరలు ఎంతో కొంత వడకడతాయి గానీ, బోరులోకి వదిలింది సూటిగా పగుళ్లలోకి, అక్కడి నుంచి చుట్టుపక్కల ఇళ్ల బోర్లలోకి చేరుతుంది.

ఆరో అంచె: వీధి, పార్కు

కాలనీ పార్కులను రోడ్డు కంటే అడుగు ఎత్తున మట్టి పోసి, చుట్టూ గోడ కట్టి తయారుచేయడం మనకు అలవాటు. దానికి విరుద్ధంగా చేయాలి. పార్కులో ఒక మూలను రోడ్డు కంటే అడుగున్నర పల్లంగా ఉంచి, రోడ్డు అంచు రాళ్లలో అక్కడక్కడ సందులు వదిలి, నీటిని అందులోకి దించాలి. 300 చదరపు మీటర్ల పల్లం అర మీటరు లోతున నిండితే లక్షన్నర లీటర్లు నిలుస్తుంది. అంటే నలభై ఆరు ఇంకుడు గుంతల పని ఒక్క పల్లం చేస్తుంది, ఖర్చూ తక్కువే. ఏడాదిలో చాలా రోజులు అది పిల్లలు ఆడుకునే గడ్డి నేలగానే ఉంటుంది. నీరు దిగే చోట రాళ్లు పేర్చి, వట్టివేరు, మెట్టతామర వంటి మొక్కలు నాటితే మట్టి కోసుకుపోదు, నీటిలోని మురికి కూడా కొంత ఆగుతుంది. నెక్నాంపూర్ చెరువులో ఇలాంటి మొక్కలను తేలియాడే తెప్పల మీద పెంచి నీటిని శుభ్రపరిచే ప్రయత్నం చేశారు. ఒడ్డున పెంచడం దానికంటే సులువు.

చెట్ల మొదళ్ల వరకు గచ్చు వేయించకండి. ఇప్పటికే వేసి ఉంటే చుట్టూ మీటరు మేర పగలగొట్టించండి. పేవర్ బ్లాకుల కింద సిమెంటు పరిస్తే నీరు ఇంకదు. ఇసుక, సన్నకంకర మీద పరచాలని గుత్తేదారుకు పని ఒప్పందంలోనే రాయించాలి.

రోడ్డు మళ్లీ వేసే రోజున సంఘం సభ్యులెవరైనా అక్కడ ఉండటం అవసరం. పాత పొరను గీకి తీయకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ పోతే, పది పదిహేనేళ్లలో రోడ్డు ఇళ్ల గడపల కంటే పైకి లేస్తుంది. నిన్నటి దాకా ఇంటి నుంచి వీధిలోకి పారిన నీరు ఆ తరువాత వీధి నుంచి ఇంట్లోకి పారుతుంది. పాత పొర తీయించాలని పని మొదలయ్యే ముందే రాతపూర్వకంగా అడగండి. తారు పడిన తరువాత చేసే ఫిర్యాదుకు ఫలితం ఉండదు.

ఏడో అంచె: మురికిని మొదట్లోనే ఆపండి

చెరువును పాడుచేసేది పరిశ్రమలే అని మనకు గట్టి నమ్మకం. జీడిమెట్ల, బాలానగర్ వైపు నుంచి వచ్చే కూకట్‌పల్లి నాలా విషయంలో అది చాలావరకు నిజం కూడా. నివాస కాలనీల వాటా వేరే రూపంలో ఉంటుంది. ఇల్లు కడుతున్నవారు రోడ్డు మీద పోసిన ఇసుక, కంకర ఒక్క వానకు కాలువలో చేరి గట్టిపడుతుంది. సంఘం ఒక నియమం పెట్టుకోవాలి: నిర్మాణ సామగ్రి చుట్టూ ఇటుకల వరుస ఉండాలి, పైన పట్టా కప్పాలి, జూన్ నుంచి అక్టోబరు వరకు వీధిలో సిమెంటు కలపకూడదు. కూల్చిన ఇంటి చెత్తను నాలా గట్టున పారబోయించకుండా, జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లోని నిర్మాణ వ్యర్థాల కేంద్రాలకు పంపించాలి. కార్లను గచ్చు మీద కాకుండా గడ్డి ఉన్న చోట, బకెట్ నీటితో కడగాలి. హోటళ్లు, మెస్సులు ఉన్న వీధుల్లో వాడిన నూనె కాలువలో పడకుండా జిడ్డు తొట్టి పెట్టించాలి.

పూడికతీత గురించి కాస్త వివరంగా చెప్పాలి. మే చివరికి కాలువల పూడిక తీయించడం అందరూ అడిగేదే. తీసిన బురదను కాలువ అంచునే కుప్పగా పోసి, ఆరిన తరువాత తీసుకెళ్తామని చెప్పి వెళ్లిపోతారు. తొలకరి వానకు అది మళ్లీ కాలువలోనే పడుతుంది. కుప్పను నలభై ఎనిమిది గంటల్లో తరలించే దాకా పని పూర్తయినట్టు సంతకం పెట్టకండి. తీసేముందూ తీసిన తరువాతా ఒకే చోట నిలబడి, కాలువలో నిలువుగా కర్ర పెట్టి ఫోటో తీసుకోండి. లోతు ఎంత పెరిగిందో ఎవరూ వాదించలేరు.

వినాయక చవితి సంగతి కాలనీ స్థాయిలోనే తేల్చుకోవచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని చెబుతున్నాయి. మట్టి విగ్రహాన్ని పార్కులో పెద్ద తొట్టిలో నిమజ్జనం చేసి, ఆ మట్టిని మొక్కలకు వేస్తే చెరువు దాకా వెళ్లే అవసరమే ఉండదు. బతుకమ్మ పూలతో చెరువుకు ఇబ్బంది లేదు, వాటిని మోసుకొచ్చిన ప్లాస్టిక్ కవర్లతోనే.

ఎనిమిదో అంచె: చెరువు, నాలా హద్దులు

2012 ఏప్రిల్ 7 నాటి 168వ నంబరు జీవో ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి. పది మీటర్లకు మించిన వెడల్పున్న నాలాలకు, వాగులకు 9 మీటర్లు, అంతకంటే సన్నవాటికి 2 మీటర్లు. స్థలం కొనేవారికీ, ఆక్రమణపై ఫిర్యాదు చేసేవారికీ ఈ నాలుగు అంకెలు నోటికి వచ్చి ఉండాలి.

చెరువుకు వెళ్లినప్పుడు మూడు చోట్లు చూడండి. నీరు వచ్చే కాలువ మూసుకుపోయిందా? మత్తడి మీద ఎవరైనా ఇటుకలు పేర్చి ఎత్తు పెంచారా, లేక పగలగొట్టి తగ్గించారా? మత్తడి కింది కాలువ తరువాతి చెరువు దాకా తెరిచి ఉందా? కట్ట మీద పెద్ద చెట్లు మొలిచినా, కట్ట వెనుక తడి కనిపించినా వెంటనే నీటిపారుదల శాఖకు తెలియజేయాలి. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు గట్లు తెగి పాతబస్తీ వైపు కాలనీలు మునిగిన తీరు చూసినవారికి దీని అవసరం వివరించనక్కర్లేదు.

ఒక విషయాన్ని మాత్రం చాలామంది గమనించరు. ఏడాది పొడవునా మురుగుతో నిండుగా ఉండే చెరువుకు వరదను ఆపే శక్తి ఉండదు. చూడటానికి నిండు చెరువు అందంగానే ఉంటుంది, అయితే జూన్‌లో అందులో ఖాళీ ఉండాలి. అందుకే మూడో అంచెలో మురుగును వేరు చేయడం ఇక్కడ వరద రక్షణగా కూడా పనికొస్తుంది. వానలకు ముందే తూము తెరిచి నీటిమట్టం తగ్గించమని సంఘం తరఫున కోరవచ్చు. గుర్రపుడెక్క అల్లుకున్న చెరువులో దాన్ని తీయించడం మంచిదే. మురుగు రాక ఆగకపోతే మాత్రం అది కొద్ది నెలల్లో మళ్లీ కమ్ముతుంది.

ఫిర్యాదులో సర్వే నంబరు, తేదీ ఉన్న ఫోటో, నక్షా నకలు జతపరచండి. ఆక్రమణలను 2024 జులైలో ఏర్పడిన హైడ్రా (విపత్తుల స్పందన, ప్రభుత్వ ఆస్తుల పరిరక్షణ సంస్థ) దృష్టికి తేవచ్చు. ప్రజల ఫిర్యాదులు తీసుకోవడానికి సోమవారాల్లో జరిగే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. "పనులు ఎందుకు చేయలేదు" అని అడిగితే ఏమీ రాదు. "మా వార్డులో ఈ ఏడాది ఏ నాలాలో ఎన్ని ఘనపు మీటర్ల పూడిక తీశారు, ఎక్కడికి తరలించారు, బిల్లుల నకళ్లు ఇవ్వగలరు" అని అడగండి.

తొమ్మిదో అంచె: వాన పడుతున్న రోజు

నీరు నిలిచిందని మ్యాన్‌హోల్ మూత ఎత్తకండి, ఎవరినీ ఎత్తనివ్వకండి. మురుగు నీటిలో తెరిచిన మూత కనిపించదు, నడిచే మనిషి అందులో పడిపోతాడు. మురుగు లైనులోకి మనిషిని రక్షణ లేకుండా దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. అడిగినంత డబ్బిచ్చి ఎవరినైనా దించుదామన్న మాట సంఘంలో రానే రాకూడదు. జలమండలి నంబరు 155313, నగర పాలక సంస్థది 040-21111111, ప్రాణాపాయంలో 112.

జానెడు లోతున వేగంగా పారే నీరు పెద్దవారి కాళ్లను కూడా లాగేస్తుంది. అడుగు లోతున చిన్న కారు తేలిపోతుంది. నాలా దాటే కల్వర్టుల దగ్గర వాలంటీర్లు నీటికి దూరంగా నిలబడి, తాడు కట్టి దారి మూసేస్తే చాలు. సెల్లార్‌లోకి నీరు దిగడం మొదలవగానే కరెంటు మెయిన్ ఆపేయండి. కారు తీయడానికి ఆ తరువాత ఎవరూ కిందికి వెళ్లకూడదు.

పదో అంచె: పుస్తకం పెట్టండి

నిలువు గోడలున్న డబ్బాను కప్పు మీద ఆచ్ఛాదన లేని చోట పెట్టి, ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో కొలిస్తే మీ కాలనీ వాన లెక్క తెలుస్తుంది. దాన్ని తెలంగాణ అభివృద్ధి ప్రణాళిక సంస్థ వాతావరణ కేంద్రాల అంకెలతో సరిపోల్చుకోవచ్చు. నగరంలో ఒక చోట కుండపోతగా కురిస్తే మూడు కిలోమీటర్ల దూరంలో చినుకు కూడా పడకపోవచ్చు కాబట్టి మీ సొంత కొలత విలువైనది. లోతట్టు వీధిలో రెండు స్తంభాలకు పది సెంటీమీటర్లకొక గీత పెయింటు వేయించి, నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో, ఎన్ని గంటలు నిలిచిందో డబ్బా కొలత పక్కనే రాయండి. రెండు వానాకాలాల తరువాత ఎన్ని సెంటీమీటర్ల వానకు ఏ వీధి మునుగుతుందో మీ దగ్గర రాతపూర్వక ఆధారం ఉంటుంది. వచ్చే ఏడాది నాలా పనులకు అంచనాలు వేసే ఇంజనీరు ముందు ఆ పుస్తకం పెట్టవచ్చు.

వానలు వెనుకబట్టిన తరువాత, అక్టోబరు చివర్లోనో నవంబరులోనో, ఇంకుడు గుంతల పై ఇసుక పొరను తీసి కడిగించి ఆరబెట్టి మళ్లీ వేయించండి. మట్టి తొట్టిని ఖాళీ చేయించండి. పార్కు పల్లంలో పేరుకున్న బురదను పారతో ఎత్తి మొక్కల మొదళ్లకు వేయించే ముందు, అందులో గాజు పెంకులు, ప్లాస్టిక్ ముక్కలు ఏరించండి. నూనె వాసన కొడుతుంటే మాత్రం మొక్కలకు వేయకుండా చెత్త బండికి ఇచ్చేయండి.